మీటరు ఎర్రబడలేదు, హరికథ రికార్డింగు మాత్రం పగిలింది

కావలి శ్రోత (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలో కావలికి దగ్గరలోని పల్లె. మా పెదనాన్నగారు నలభై ఏళ్లుగా హరికథలు చెబుతున్నారు. ఇప్పుడు ఆయనకు 74 ఏళ్లు. గొంతు నిలకడగా ఉండగానే ఆయన కథలన్నీ రికార్డు చేసి దాచాలని ఇంటిల్లిపాదీ అనుకున్నాము. కంప్యూటరు ముందు కూర్చునే అలవాటు నాకొక్కడికే ఉండడంతో ఆ పని నా మీద పడింది.

మొన్నటి శ్రీరామనవమికి మా ఊరి పందిట్లో ఆయన సీతాకల్యాణం చెప్పారు. మైకుసెట్టు వారి మిక్సరులో ‘రికార్డు అవుట్’ అని రాసి ఉన్న రెండు ఆర్‌సీఏ సాకెట్ల నుండి తీగ తీసి, నా చేతి రికార్డరుకు ఉన్న మైకు సాకెట్టులో పెట్టాను. ఫైలు 24 బిట్ల వేవ్ ఫైలు. లెవెల్‌ను తనంతట తానే సవరించుకునే ఆటో లెవెల్‌ను ఆపివేశాను. ఏ మాత్రం పెంచినా మీటరు పైకంటా ఎగసిపోతున్నందువల్ల ఇన్‌పుట్ లెవెల్‌ను 100కి 8 దగ్గర ఉంచాను. రెండున్నర గంటల కథలో మీటరు ఒక్కసారి కూడా మైనస్ 9 డెసిబెళ్లు దాటలేదు (రికార్డరు రాసుకోగల గరిష్ఠ ఎత్తు సున్నా), ఎర్ర దీపం వెలగలేదు.

ఇంటికి వచ్చి వింటే వచనం చెప్పిన చోట్ల బాగానే ఉంది కాని, పద్యం ఎత్తుకున్నప్పుడు, చిరతలు గట్టిగా మోగినప్పుడు, అన్నిటికంటే ముఖ్యంగా ‘శ్రీమద్రమారమణ గోవిందో హరి’ అన్నప్పుడు గొంతు చిరిగిన గుడ్డలాగా బరబరలాడింది. పందిట్లో కూర్చుని విన్నవారెవరూ అటువంటి లోపం ఉందనలేదు. ఆడాసిటీ అనే ధ్వని సవరణ ప్రోగ్రాములో ఫైలు తెరిచి పెద్దదిగా చేసి చూస్తే తరంగాల తలలు కత్తితో కోసినట్టు చదునుగా కనిపించాయి. అయితే ఆ కోత సున్నా దగ్గర లేదు, మైనస్ 9 దగ్గర ఉంది. క్లిప్పింగ్, అంటే ఇలా తల తెగడం, సున్నాను తాకినప్పుడే జరుగుతుందని ఇంతవరకూ అనుకున్నాను. సున్నాకు 9 డెసిబెళ్ల కిందనే తల ఎలా తెగింది? నా రికార్డరు చెడిపోయిందా? వచ్చే నెల ఒంగోలులో మరో కథ ఉంది. ఆలోగా 32 బిట్ల ఫ్లోట్ రికార్డరు కొనడం మంచిదా?

తంబుర:

కావలి శ్రోత గారూ, మీరు వివరాలన్నీ రాసినందువల్ల జవాబు సులభమైంది. మీ రికార్డరు చెడిపోలేదు, మీటరు అబద్ధమూ చెప్పలేదు. మీటరు చూపేది సంకేతం అంకెలుగా మారిన తరువాత దానికున్న ఎత్తును మాత్రమే. తల అంతకుముందే తెగిన తరంగం దాని దగ్గరకు వస్తే, అది దానిని పొట్టి తరంగంగానే కొలుస్తుంది తప్ప, తెగిన తరంగమని గుర్తించే ఉపాయం దానికి లేదు.

మైకు నుండి ఫైలు దాకా సంకేతం అనేక అంచెలు దాటుతుంది. మిక్సరులో ఛానెల్ గెయిన్ (ఒక్కొక్క మైకు సంకేతానికి మొదట ఇచ్చే పెంపు) ఒక అంచె, అన్ని ఛానెళ్లూ కలిసే చోటు మరొకటి, మీ రికార్డరులోని మైకు ప్రీయాంప్ (బలహీనమైన మైకు సంకేతాన్ని పెంచే భాగం) ఇంకొకటి, ఆ తరువాతనే మీరు తిప్పే లెవెల్, చివరికి సంకేతాన్ని అంకెలుగా మార్చే కన్వర్టరు. వీటిలో ప్రతిదానికీ తనదైన పైకప్పు ఉంటుంది. పై కాలువకు గండి పడి నీరు పోయాక మన చేని దగ్గర మడవ ఎంత సరిచేసుకున్నా ఆ నీరు తిరిగి రాదని పెన్న కాలువల కింద సేద్యం చేసేవారికి చెప్పనక్కరలేదు. మీరు తిప్పిన లెవెల్ ఆ చేని దగ్గరి మడవ.

మీ విషయంలో గండి రికార్డరు గుమ్మంలోనే పడిందని అనుమానిస్తున్నాను. మీరు లైన్ సంకేతాన్ని, అంటే మిక్సరు ముందే పెంచి పంపే సంకేతాన్ని, మైకు సాకెట్టులోకి పంపారు. రికార్డు అవుట్ సాకెట్ల నుండి మామూలుగా వచ్చేది మైనస్ 10 డీబీవీ, అంటే సుమారు 0.316 వోల్టులు. పందిళ్లలో ఎక్కడ చూసినా కనిపించే షూర్ ఎస్ఎమ్58 వంటి డైనమిక్ మైకు, 94 డెసిబెళ్ల ధ్వని తగిలినప్పుడు ఇచ్చేది దాదాపు 1.85 మిల్లీవోల్టులు మాత్రమే. ఈ రెండింటికీ మధ్య తేడా సుమారు 170 రెట్లు, అంటే 45 డెసిబెళ్లకు కొంచెం తక్కువ. మిల్లీవోల్టుల కోసం కట్టిన ప్రీయాంప్ మొదటి అంచెలోకి అంత సంకేతం వస్తే అది అక్కడికక్కడే తల కోసేస్తుంది. చాలా చిన్న రికార్డర్లలో లెవెల్ సర్దుబాటు ఆ అంచె తరువాత ఉంటుంది కనుక, 8కి తగ్గించడం వల్ల మీరు సాధించింది తెగిన తరంగాన్ని పొట్టిగా రాసుకోవడమే. అసలు 100కి 8 దగ్గర పెట్టవలసి రావడమే మొదటి హెచ్చరిక. ఏ రికార్డరులోనైనా లెవెల్‌ను అడుగంటా దించితే తప్ప మీటరు అదుపులోకి రాకపోతే, వచ్చే సంకేతానికి అది తగిన సాకెట్టు కాదని అర్థం.

నా అనుమానం నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఫోనులో 1000 హెర్ట్‌జ్‌ల స్వరాన్ని మోగించి మిక్సరులోకి పంపండి. రికార్డరును 8 దగ్గరే ఉంచి, మిక్సరు వైపు నుండి సంకేతాన్ని మెల్లగా పెంచుతూ పోండి. ఒక చోట మీరు ఇంకా పెంచుతున్నా మీటరు కదలకుండా నిలిచిపోతుంది. ఆ అంకె రాసుకుని, రికార్డరును 4కు దించి మళ్లీ అదే పని చేయండి. ఈసారి మీటరు మరింత కింద నిలిచిపోతే, కోత పడుతున్నది లెవెల్ సర్దుబాటుకు ముందు అని రుజువైనట్టే. ఎంత తగ్గించినా, పెంచినా సున్నా దగ్గరే ఆగుతుంటే కోత కన్వర్టరు దగ్గర పడుతున్నట్టు.

తరంగాలను చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మీరు అసలు వేవ్ ఫైలునే చూడండి. ఎంపీ3గా మార్చిన తరువాత తెగిన తలలు కొంత గరుకుగా, ఎగుడుదిగుడుగా మారిపోతాయి కాబట్టి కోత కంటికి సరిగ్గా ఆనదు. కోత తరువాత లో కట్ ఫిల్టరు (మరీ కింది స్వరాలను తగ్గించేది) ఉన్నా ఆ చదును ఒక పక్కకు వాలి కనిపిస్తుంది. వాలు ఉన్నంత మాత్రాన అది క్లిప్పింగ్ కాదని పొరబడకూడదు.

ఒంగోలు మైకుసెట్టు:

నేను ఒంగోలు చుట్టుపక్కల పెళ్లిళ్లకు, తిరునాళ్లకు మైకుసెట్టు కడుతుంటాను. తంబుర గారు చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను, కాని పందిట్లో ఎవరూ లోపం గమనించలేదు కాబట్టి మిక్సరు తప్పు ఏమాత్రం లేదని కొట్టివేయవద్దు. బూరల్లో వినే గొంతుకు ఎటూ కొంత కరుకుదనం ఉంటుంది. దానికి అలవాటు పడిన చెవికి ఛానెల్‌లో పుట్టిన కోత విడిగా తెలియదు. అదే సంకేతాన్ని ఇంట్లో ఇయర్‌ఫోన్లతో విన్నప్పుడు మాత్రం పంటి కింద రాయిలా తగులుతుంది.

మా వృత్తిలో ఉన్న ఒక దురలవాటును ఒప్పుకోవాలి. చాలామంది గెయిన్‌ను ఏనాడో ఒకచోట పెట్టి, దాని పక్కన పెన్నుతో గీత గీసుకుని, ఆ తరువాత ఏ మనిషి వచ్చినా ఫేడరుతోనే (లెవెల్‌ను పైకీ కిందికీ జరిపే మీట) నడిపిస్తారు. ఉపన్యాసం చెప్పే పెద్దమనిషికి పెట్టిన గెయిన్‌తోనే హరిదాసు గారు ‘గోవిందో హరి’ అంటే ఛానెల్ మొదటి అంచె పొంగిపొర్లుతుంది. అప్పుడు ఫేడరును దించినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఫేడరు ఆ అంచె తరువాత ఉంది. అందుకే కథ మొదలయ్యే ముందు ఆయన ఛానెల్ మీద ఉన్న పీక్ దీపాన్ని గమనించండి. చాలా మిక్సర్లలో ఆ దీపం అసలు కోతకు కొన్ని డెసిబెళ్ల ముందే వెలుగుతుంది కనుక, ఎప్పుడో ఒకసారి మినుకుమంటే భయం లేదు. పద్యమంతా వెలుగుతూనే ఉంటే గెయిన్ తగ్గించి, తగ్గించినంత మేర ఫేడరు పెంచాలి. మొత్తం పెంపు అంతే ఉంటుంది కాబట్టి మైకు కూత పెట్టే ప్రమాదం ఏమీ పెరగదు. మైకుసెట్టు కుర్రవాడు మీ మాటకు ఒప్పుకోకపోవడానికి ఎక్కువగా ఆ భయమే కారణం. ఆ విషయం ముందుగా చెప్పి అడగండి. నలుగురి ఎదుట కాక, పందిరి ఖాళీగా ఉన్నప్పుడు, ఒక టీ ఇప్పించి అడిగితే కాదనేవారు అరుదు.

ఇంకొక సంగతి. రికార్డు అవుట్ చాలా మిక్సర్లలో మెయిన్ ఫేడరు తరువాతనే ఉంటుంది. జనం పెరిగి మేము మెయిన్ పెంచితే మీ రికార్డింగు లెవెల్ కూడా మీకు తెలియకుండానే పెరుగుతుంది. వీలుంటే ఫేడరుకు ముందు నుండి సంకేతాన్ని విడిగా తీసే ఆక్స్ అవుట్ అనే అదనపు సాకెట్టు ఒకటి మీకోసం కేటాయించమని అడగండి. దానిని లైన్ సాకెట్టులోనే పెట్టండి. మీ రికార్డరుకు లైన్ సాకెట్టే లేకపోతే, సంకేతం వెళ్లే దారిలో 10 కిలో ఓముల రెసిస్టరును వరుసగానూ, దాని తరువాత సంకేతానికీ గ్రౌండుకూ మధ్య 1 కిలో ఓము రెసిస్టరునూ పెట్టి తీగ కట్టించుకోండి. ఎడమ, కుడి రెండు పక్కలకూ విడివిడిగా పెట్టాలి. అది సంకేతాన్ని 20 డెసిబెళ్లకు కొంచెం ఎక్కువగా దించుతుంది. ఏ రేడియో మెకానిక్కయినా అరగంటలో చేసి ఇస్తాడు. అదీ చాలకపోతే 1 కిలో ఓముకు బదులు 100 ఓములు పెట్టించండి, 40 డెసిబెళ్లు దిగుతుంది.

పాత టేపు:

ఇక్కడ అందరూ తగ్గించమనే చెబుతున్నారు కాబట్టి ఒక అభ్యంతరం తెలియజేస్తున్నాను. నేను 1980లలో క్యాసెట్ డెక్కు మీద పద్యనాటకాలు ఎన్నో రికార్డు చేశాను. ముల్లు ఎరుపులోకి కొంచెం దూరితేనే పద్యానికి నిండుదనం వచ్చేది, లెవెల్ తగ్గిస్తే టేపు హిస్సు కింద హార్మోనియం కూడా మునిగిపోయేది. ఆ అనుభవంతో చూస్తే, ఈ కాలంవారు మైనస్ 12 దగ్గర, మైనస్ 20 దగ్గర రికార్డు చేయమనడం మంచి సాధనాన్ని సగమే వాడుకోమన్నట్టుగా తోస్తున్నది. బలహీనంగా రికార్డు చేసి తరువాత పెంచితే గరగర కూడా దానితోపాటే పెరగదా?

తంబుర:

పాత టేపు గారూ, మీ అనుభవం టేపు విషయంలో అక్షరాలా నిజం. టేపు నిండుతున్నకొద్దీ మెల్లగా మెత్తబడుతుంది, తల ఒక్కసారిగా తెగదు, అందుకే ఎరుపులో కొంత సాగేది. డిజిటల్‌లో సున్నాకు పైన రాయడానికి అంకెలే లేవు. అక్కడికి చేరిన తరంగం గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది.

మీరు చూసిన ముల్లుకూ ఇప్పటి మీటరుకూ మరో తేడా ఉంది. వీయూ మీటరు ముల్లు ఒక స్థిరమైన సంకేతాన్ని చూపడానికి దాదాపు 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. చిరత దెబ్బ అంతకంటే ఎంతో ముందే ముగిసిపోతుంది కాబట్టి ముల్లు దానిని అసలు పట్టుకోలేదు. ముల్లు సున్నా దగ్గర ఊగుతున్నప్పుడు చిరతల శిఖరాలు దానికి పది డెసిబెళ్లకు పైగానే ఎత్తులో ఉండేవి, ఆ శిఖరాలను టేపు తనలో సర్దుకునేది. ఆ ఖాళీని ఇప్పుడు మనమే ముందుగా వదలాలి. యూరప్ ప్రసార సంస్థల ఆచారంలో మైనస్ 18 డీబీఎఫ్ఎస్ (డిజిటల్ సున్నా నుండి కిందికి కొలిచే డెసిబెళ్లు), అమెరికా ఆచారంలో మైనస్ 20 డీబీఎఫ్ఎస్ నాటి సున్నా స్థానంలో కూర్చోవడానికి కారణం ఇదే. మనం లెవెల్ తగ్గించడం లేదు, ఒకప్పుడు మీరు ముల్లును ఉంచిన చోటనే ఉంచుతున్నాము.

గరగర సంగతికి వస్తే, ఒక్కొక్క బిట్టుకు దాదాపు 6 డెసిబెళ్ల లెక్కన 16 బిట్లకు సుమారు 96, 24 బిట్లకు సుమారు 144 డెసిబెళ్ల విస్తృతి వస్తుంది. నిజమైన కన్వర్టర్లు ఆ 144ను అందుకోలేవు, మంచివాటిలో 110 నుండి 120 దాకా ఉంటుంది. మీరు పైన 12 డెసిబెళ్లు వదిలినా కింద మిగిలేది పందిట్లో ఫ్యాన్లు, జెనరేటరు, పిల్లల అల్లరి కలిసి చేసే సద్దు కంటే ఎంతో లోతుగా ఉంటుంది. తరువాత పెంచినప్పుడు పెరిగేది ఆ సద్దే కాని రికార్డరు గరగర కాదు. ఆ సద్దు మీరు ఎక్కువ లెవెల్‌తో రికార్డు చేసినా గొంతుతో అదే నిష్పత్తిలో ఉండేది. అయితే మీ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. మైకును గజం దూరంలో పెట్టి, చవకరకం ప్రీయాంప్‌తో మైనస్ 45 దగ్గర రికార్డు చేస్తే గరగర తప్పక వినిపిస్తుంది. దానికి మందు లెవెల్‌లో లేదు, మైకును నోటికి దగ్గరగా జరపడంలో ఉంది.

కావలి శ్రోత గారికి అంకెలు చెప్పాలంటే, వచనం చెబుతున్నప్పుడు మీటరు మైనస్ 24 నుండి మైనస్ 18 మధ్య తిరుగుతూ, పద్యం పతాక స్థాయిలో మైనస్ 12 దగ్గరకు వచ్చేలా ఉంచండి. పరీక్ష కోసం ‘మైకు టెస్టింగ్, వన్ టూ త్రీ’ అనిపించవద్దు. ఎవరూ ఆ మాటలను కథ చెప్పే గొంతుతో అనరు. మీ పెదనాన్నగారిని తారస్థాయిలో ఒక పద్యం చిరతలతో సహా పాడమని అడగండి, చివరికి ‘గోవిందో హరి’ కూడా అనిపించండి. అప్పుడు కుదిరిన లెవెల్‌ను ఇంకొక 6 డెసిబెళ్లు దించండి. ఖాళీ పందిట్లో పాడిన గొంతు వేరు, జనం ‘హరి’ అని బదులిచ్చినప్పుడు లేచే గొంతు వేరు.

32 బిట్ల ఫ్లోట్ గురించి అడిగారు. అటువంటి రికార్డర్లు వేర్వేరు పెంపులున్న రెండు కన్వర్టర్లను కలిపి నడిపిస్తాయి. అందువల్ల సున్నా దాటిన సంకేతాన్ని కూడా తరువాత కిందికి దించి కోలుకోవచ్చు. సొంత మైకుతో ఒంటరిగా తిరుగుతూ రికార్డు చేసేవారికి అది నిజంగా మేలు చేస్తుంది. మీకు మాత్రం, మిక్సరు ఛానెల్‌లో తెగిన తలను 32 బిట్లలో అతి శ్రద్ధగా దాచిపెట్టడమే అవుతుంది. ఈ డబ్బుతో ఇప్పుడే కొనవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

దానికి బదులు ఉన్న రికార్డరులోనే ఒక ఉపాయం ఉంది. హరికథ ఒకే గొంతు చుట్టూ నడిచే కళ కాబట్టి స్టీరియో మీకు అత్యవసరం కాదు. ఒకే సంకేతాన్ని ఎడమ, కుడి రెండింటికీ పంపి, కుడిని ఎడమ కంటే 12 డెసిబెళ్లు తక్కువగా పెట్టుకోండి. ఎడమ ఎక్కడైనా సున్నాను తాకితే ఆ ఒక్క చోట కుడి నుండి ముక్క తెచ్చి, 12 డెసిబెళ్లు పెంచి అతికించవచ్చు. ఇదీ కన్వర్టరు దగ్గరి కోతకే మందు.

శిఖరాలను హద్దు దాటకుండా అణచే లిమిటరును నమ్ముకోవద్దు. చవక రికార్డర్లలో అది తరచుగా కన్వర్టరు తరువాత అంకెల మీద పనిచేస్తుంది, తెగిన తలను సన్నగా చేసి చూపడం తప్ప దానివల్ల ప్రయోజనం ఉండదు. ఆటో లెవెల్‌ను మీరు ఆపివేయడం మంచి పని. అది ఉంటే దాసుగారు ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా జెనరేటరు ముందుకు వచ్చి కూర్చుంటుంది.

కావలి శ్రోత:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మైకుసెట్టు వారి కొట్టుకు రికార్డరు తీసుకుపోయి పరీక్ష చేశాను. 8 దగ్గర మీటరు మైనస్ 9 వద్ద, 4 దగ్గర మైనస్ 15 వద్ద నిలిచిపోయింది. తీగను లైన్ సాకెట్టుకు మార్చగానే లెవెల్ 50 దగ్గర హాయిగా కుదిరింది, ఎంత పెంచినా తల తెగలేదు. నా రికార్డరుకు పక్కనే లైన్ సాకెట్టు ఉన్నా, ‘మైకు’ అన్న మాట చూసి దానిలోనే పెట్టాలనుకున్నాను.

ఒంగోలు మైకుసెట్టు గారి అనుమానం కూడా నిజమైంది. చిరతలు కొట్టగానే ఛానెల్ పీక్ దీపం ఆరకుండా వెలిగింది. ఆ గెయిన్ పక్కన నిజంగానే పెన్ను గీత ఉంది. అంటే రెండు చోట్ల తెగుతోంది, మొదటిది సరిచేసి ఊరుకుంటే రెండోది మిగిలేది. పాత సీతాకల్యాణం ఫైలును ఏమైనా బాగుచేయవచ్చా?

తంబుర:

చిరతల దెబ్బల వంటి విడివిడి కోతలను ఆడాసిటీలోని క్లిప్ ఫిక్స్ కొంత మేరకు పూడుస్తుంది, ఇరుపక్కల తరంగాన్ని చూసి పోయిన తలను ఊహించి గీస్తుంది. ఎత్తుకున్న పద్యం పొడుగునా తెగిన చోట ఊహించడానికి ఆధారమే మిగలదు. అసలు ఫైలును ముట్టుకోకుండా ఒక ప్రతి మీద ప్రయత్నించండి. సీతాకల్యాణాన్ని పెదనాన్నగారిచేత మళ్లీ చెప్పించగలిగితే అంతకంటే మంచి మరమ్మతు లేదు.

కావలి శ్రోత:

ఒంగోలు కథ నిన్న రాత్రి పూర్తయింది. గెయిన్ తగ్గించారు, ఆక్స్ అవుట్ ఇచ్చారు, లైన్ సాకెట్టులోనే తీసుకున్నాను. పద్యాలు మైనస్ 13 దగ్గర ఆగాయి, మంగళహారతి ముందు జనమంతా కలిసి ‘హరి’ అన్నప్పుడు ఒకే ఒక్కసారి మైనస్ 6 దాకా లేచింది. ఆ 6 డెసిబెళ్ల సలహా లేకపోతే సున్నాను తాకేదే. కుడి ఛానెల్ నుండి ముక్క తెచ్చుకోవలసిన అవసరం రాలేదు. పొద్దున ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం విన్న పెదనాన్నగారు లెవెల్ గురించి ఏమీ అనలేదు, మృదంగం ఒకచోట తాళం జారిందని, అది నిన్న వేదిక మీద తనకు తెలియలేదని మాత్రం అన్నారు.